తుపాకికీ ఎలుకలకూ ఒకే కుక్క: ష్రాప్‌షైర్‌లో ఒక టెర్రియర్ ఎంపిక

2022 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని ష్రాప్‌షైర్‌లో ఒక రైతు పెంచుకున్న స్ప్రింగర్ స్పానియల్ వేటకుక్కకు ఆఖరి ఇంజెక్షన్ ఇచ్చింది నేనే. పదమూడేళ్ల కుక్క. ప్లీహం మీద గడ్డ పగిలి కడుపంతా నెత్తురు నిండిపోయింది. మూడు వారాల తర్వాత ఆయన మళ్లీ క్లినిక్‌కి వచ్చి, కుక్క లేకుండానే వెయిటింగ్ రూములో కూర్చున్నారు. లోపలికి పిలిస్తే నేరుగా విషయానికి వచ్చేశారు.

"నాకిప్పుడు అరవై ఎనిమిది. రెండు కుక్కల్ని సాకలేను. తుపాకి పట్టుకుని బయల్దేరితే పొదల్లోంచి కుందేళ్లని లేపాలి, గింజల షెడ్డు దగ్గర ఎలుకల్ని చంపాలి, సాయంత్రం పొయ్యి ముందు నోరు మూసుకుని పడుకోవాలి. చిన్న కుక్కయితే మేలు. ఏ జాతి తీసుకోమంటావు?"

నేను గన్నవరం వెటర్నరీ కాలేజీలో చదివి, బ్రిటన్ పశువైద్యుల రాయల్ కాలేజీ పరీక్ష పాసై, ఇంగ్లండ్, వేల్స్ సరిహద్దు పల్లెల్లో ప్రాక్టీసు చేస్తున్నాను. చలికాలం శనివారాల్లో ఎలుకల వేటకు వెళ్లే బృందంతో మా ఇంటి జాక్ రస్సెల్ టెర్రియర్‌ని తీసుకుని నేనూ వెళ్తుంటాను. అందుకే రైతులు నన్ను కుక్క జబ్బు పడ్డాక మాత్రమే కాదు, కొనబోయే ముందు కూడా అడుగుతారు. ఈ కేసు రాయడానికి కారణం నా సలహా మొదటిసారి తప్పవడం. రెండోసారి ఏం చూసి ఎంచుకున్నామో చెప్పాలంటే ముందు ఆ తప్పు చెప్పాలి.

ఆయన పొలం 180 ఎకరాలు. ఎక్కువ భాగం గొర్రెల మేత, మిగతాది బార్లీ. గట్ల వెంట కుందేళ్ల బొరియలు. బార్లీ మొలక పైకి రాగానే గట్టు పక్క నాలుగైదు గజాల మేర నున్నగా గీకేసినట్టు మేసేస్తాయి. పక్క అడవిలో వేట కోసం ఫెజెంట్ పక్షుల్ని పెంచి వదులుతారు. వాటికి గోధుమలు పోసే డబ్బాల చుట్టూ అక్టోబరు నుంచి ఎలుకలు. గడ్డి బేళ్ల వామిలో ఇంకా ఎక్కువ.

ఆయన చేసే వేటని రఫ్ షూటింగ్ అంటారు. అది సినిమాల్లో చూపించే దొరల వేట కాదు. ఆ వేటలో కూలి మనుషులు వరుసకట్టి పొదలు కొడుతూ పక్షుల్ని తుపాకుల మీదికి తోలతారు. దీంట్లో ఒక మనిషి, ఒక కుక్క, పొద్దున రెండు మూడు గంటల నడక. దొరికితే ఒక కుందేలు, రెండు అడవి పావురాలు. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం కింద కుందేలు మీద తుపాకి ఎత్తితే జైలే. ఇక్కడ మాత్రం పంటకి చేటు చేసే కుందేళ్లని అదుపులో పెట్టే బాధ్యత రైతు మీదే ఉంది. షాట్‌గన్ నమ్మకంగా పని చేసేది 35 మీటర్ల లోపు. కుక్క మనిషికి 20, 25 మీటర్ల దూరంలోనే వెతకాలన్నమాట. 60 మీటర్ల దూరంలో కుందేల్ని లేపిన కుక్క దాన్ని కాపాడినట్టే.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఎలుకల్ని చంపే చిన్న కుక్క అంటే టెర్రియరే. టెర్రియర్ అన్న పేరు నేల అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. నక్క బొరియలోకి ఒంటరిగా దిగి, చీకట్లో ఎదురుపడ్డ జంతువుతో ఏం చెయ్యాలో సొంతంగా తేల్చుకోవడం దాని పని. పైన నిలబడ్డ యజమాని గొంతు దానికి వినపడదు, వినాల్సిన అవసరమూ లేదు. తరతరాలుగా మనుషులు ఎంచి ఎంచి పెంచింది ఈ గుణాన్నే. తుపాకి పక్కన నడిచే కుక్కకి కావలసింది దీనికి పూర్తిగా ఎదురు. అది ప్రతి నిమిషం మనిషి ఎక్కడున్నాడో చూసుకోవాలి. ఆయన అడుగుతున్నది ఈ రెండూ ఒకే చర్మంలో ఉన్న కుక్కని.

"మళ్లీ స్పానియలే తీసుకోండి, ఎలుకలకి మా బృందాన్ని పిలవండి" అన్నాను మొదట. ఇప్పటికీ చాలామందికి అదే చెబుతాను. ఆయన తల అడ్డంగా ఊపారు. ఆయన భార్యకి మోకాళ్లు బాగాలేవు, 20 కిలోల కుక్క గొలుసు లాగితే పడిపోతారు. పైగా ఆయన మనసులో ఒకటి పెట్టుకునే వచ్చారు. స్నేహితుడి దగ్గర పద్నాలుగు నెలల ప్యాటర్‌డేల్ టెర్రియర్ మగకుక్క ఉంది, ఊరికే ఇస్తానన్నాడట.

వెళ్లి చూశాను. నల్లగా, ఇనప గుండులా ఉంది. కళ్లు, పళ్లు, గుండె, మోకాళ్లు అన్నీ బాగున్నాయి. ముందుకాళ్ల వెనక ఛాతీని రెండు చేతులతో చుట్టి చూస్తే వేళ్లు సులువుగా కలిశాయి. కొలిస్తే 36 సెంటీమీటర్లు కూడా లేదు, అంటే నక్క దూరే కన్నంలో అదీ దూరుతుంది. ఎలుకని పట్టి విదిలించిన వేగం చూసి నాకు ముచ్చటేసింది. "రెండు వారాలు ఉంచుకుని చూడండి" అన్నాను. కేసు నోట్సులో 'పనికి పూర్తిగా తగినది' అని రాశాను. ఆ వాక్యం ఇప్పుడు చదివితే సిగ్గుగా ఉంటుంది. నేను ఆరోగ్యాన్ని చూశాను, ఉత్సాహాన్ని చూశాను. పేరు పెట్టి పిలిస్తే అది తల తిప్పుతుందో లేదో చూడలేదు.

తొమ్మిదో రోజు సాయంత్రం ఫోన్. కుందేలు వెంట పడిన కుక్క అడవి అంచున ఒక బొరియలోకి దూరింది. అది కుందేలు బొరియ కాదు, నేల తవ్వుకుని బతికే బ్యాడ్జర్ అనే బలమైన జంతువు స్థావరం. 1992 చట్టం ప్రకారం ఈ దేశంలో బ్యాడ్జర్ స్థావరాన్ని తవ్వడం నేరం. తెలిసిగానీ నిర్లక్ష్యంగాగానీ కుక్కని అందులోకి వెళ్లనివ్వడమూ నేరమే. కుక్క లోపల ఇరుక్కుపోయినా మనంతట మనం పార పట్టకూడదు, అనుమతి తెచ్చుకోవాలి. టార్చిలైటు పట్టుకుని ఆ వానలో కూర్చోవడం తప్ప చేసేదేమీ లేకపోయింది. నేల కింద ఎక్కడో మొరుగుడు వినపడుతోంది. కొంతసేపటికి అదీ ఆగిపోయింది. ఆయన టెన్షన్‌తో సిగరెట్ మీద సిగరెట్. తెల్లవారుజామున నాలుగున్నరకి కుక్క దానంతట అదే బయటికి వచ్చింది. కింది పెదవి వేలాడుతోంది, దవడ కింద నాలుగు లోతైన గాట్లు. కుట్లు వెయ్యడానికి గంటన్నర పట్టింది. మత్తు దిగగానే అది చేసిన మొదటి పని తోక ఊపడం.

కుక్క తప్పేమీ లేదు. ప్యాటర్‌డేల్ లాంటి టెర్రియర్లు వాయవ్య ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్ కొండలవి. గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోయే నక్కని రాళ్ల సందుల్లోనే తుదముట్టించాలి గనక అక్కడివాళ్లు మహా మొండి కుక్కల్ని తయారు చేసుకున్నారు. దక్షిణాన డెవన్‌లో పాస్టర్ జాన్ రస్సెల్‌కి (జాక్ రస్సెల్ జాతి పేరు ఆయనదే) కావలసింది వేరు. నక్క ప్రాణంతో బయటికి రావాలి, లేకపోతే గుర్రాల మీద వెంటపడేవాళ్లకి వేట ఉండదు. అందుకని ఆయన తరిమే కుక్కని కోరుకున్నాడు, చంపేదాన్ని కాదు. బయటినుంచి చూస్తే అన్నీ టెర్రియర్లే. లోపలి గుణం ఏ ఊరి అవసరానికి తయారైందన్నది ఎవరూ అడగరు.

చట్టం సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇంగ్లండ్‌లో కుక్కని ఎంచుకోవడంలో అదీ ఒక భాగమే. 2004లో చేసిన వేట చట్టం 2005 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది. అడవి జంతువుల్ని కుక్కలతో వేటాడటాన్ని అది నిషేధించింది. స్థలం యజమాని అనుమతి ఉంటే ఎలుకలకీ కుందేళ్లకీ మినహాయింపు ఉంది. చెవులపిల్లి అని మనం అదే గాటన కట్టే పెద్ద జాతి కుందేలుకి, ఇక్కడివాళ్లు 'హేర్' అనేదానికి, ఆ మినహాయింపు లేదు. కుందేలు వెంట వెళ్లమని, హేర్ లేస్తే ఆగమని కుక్కకి నేర్పాలి. పిలిస్తే ఆగని కుక్క ఉన్న రైతు ఎప్పుడో ఒకప్పుడు చిక్కుల్లో పడతాడు.

ప్యాటర్‌డేల్‌ని తిరిగి ఇచ్చేశాక, ఈసారి కూర్చుని కాగితం మీద రాసుకున్నాం. మొదటి గీతలో ఉన్నది జాతి పేరు కాదు. 'తల్లి పని చేస్తుండగా చూడాలి' అని రాశాను.

ముందు వెళ్లింది బోర్డర్ టెర్రియర్ పిల్లల దగ్గరికి. ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు కొండల జాతి, కుక్క జాతుల్ని నమోదు చేసే కెన్నెల్ క్లబ్ గుర్తింపు 1920లో వచ్చింది. గుర్రం వెంట పరిగెత్తగల కాళ్లు, బొరియలో దూరగల ఛాతీ, ముళ్లని లెక్కచెయ్యని గరుకు వెంట్రుక. మిగతా టెర్రియర్లతో పోలిస్తే తోటి కుక్కలతో గొడవ తక్కువ. కాగితం మీద ఇదే సరైనది. కానీ ఆ ఈతలో తల్లీ తండ్రీ ఇద్దరూ ప్రదర్శన పోటీల కుక్కలు. "వీటి అమ్మమ్మ కూడా ఎలుకని చూసి ఉండదు" అని పెంచినావిడే నవ్వుతూ చెప్పింది. ఆ నిజాయితీకి దండం పెట్టి వచ్చేశాం.

రెండోది హెర్ఫర్డ్‌షైర్‌లో జాక్ రస్సెల్ ఈత. తల్లి ఎలుకల మీద మెరుపే, ఆ చుట్టుపక్కల దానికి పెద్ద పేరు. ఐదు నిమిషాలు చూశాం. ఆ ఐదు నిమిషాలూ అది మొరుగుతూనే ఉంది. యజమాని ఏడుసార్లు పిలిచి, ఎనిమిదోసారి వెళ్లి చంకనేసుకుని వచ్చాడు. తండ్రి ఎవరంటే మూడిళ్ల అవతలి కుక్క అనుకుంటా అన్నాడు. పూర్తిగా తెల్ల తల ఉన్న ఒక పిల్ల వెనక చప్పట్లు కొడితే కదల్లేదు. తెల్ల కుక్కల్లో కొన్నిటికి పుట్టు చెవుడు ఉంటుంది, ఈలకి ఆగాల్సిన కుక్కని కొనేముందు ఎవరైనా చేయగలిగిన పరీక్ష ఆ చప్పట్లు.

మూడోది వేల్స్ వైపు రాడ్నర్ కొండల్లో, అడవి కాపలా పని నుంచి రిటైరైన ఒక ముసలాయన దగ్గర. తల్లి బోర్డర్, తండ్రి లేక్‌లాండ్ టెర్రియర్. ఆయన తల్లికుక్కని వదిలి, జేబుల్లో చేతులు పెట్టుకుని గట్టు వెంట నడిచాడు. అది ముళ్లపొదలోకి దూరి వెతుకుతోంది. కుందేలు లేచింది. ఒక్క ఈల. కుక్క అక్కడికక్కడ ఆగలేదు, పది గజాలు పరిగెత్తింది. అప్పుడు ఆగి, వెనక్కి తిరిగి ఆయన ముఖం చూసింది. ఆ చూపు కోసమే నేను 40 మైళ్లు కారు నడిపింది. తర్వాత కోళ్ల షెడ్డులో రేకు ఎత్తితే రెండు ఎలుకలు. రెండూ మూడు క్షణాల్లో అయిపోయాయి, ఒక్క అరుపు లేదు.

పిల్లలు ఐదు, పదో వారం. ఒక్కోదాన్నీ విడిగా పచ్చికలోకి తీసుకెళ్లి ఒక పాత మురుగు గొట్టం ముందు వదిలాం. అన్నిటికంటే ధైర్యంగా ఉన్న మగపిల్ల లోపలికి దూరి, ఎంత పిలిచినా అవతలి చివరి దగ్గరే ఉండిపోయింది. ఏడాది కిందటైతే నేను దాన్నే ఎంచేవాణ్ని. ఒక ఆడపిల్ల సగం దూరం వెళ్లి, పిలుపు విని వెనక్కి వచ్చి, మళ్లీ వెళ్లింది. దూరంగా గిన్నె మూత పడేస్తే ఉలిక్కిపడి, అదేంటో చూడటానికి నడిచింది. దాన్ని తీసుకున్నాం. ఈ వయసులో చేసే పరీక్షలు పెద్దయ్యాక గుణం ఎలా ఉంటుందో అంతగా చెప్పవు. నేను వాటికి ఇచ్చింది పావు వంతు విలువే, మిగతా ముప్పావు తల్లిది.

తోక కత్తిరించలేదేమని రైతు గొణిగారు. ఇంగ్లండ్‌లో పని చెయ్యబోయే టెర్రియర్ పిల్లలకి, పుట్టిన ఐదు రోజుల్లోపు, ఆధారాలు చూపిస్తే డాక్టర్ తోక కత్తిరించవచ్చు. నేను చెయ్యను. ఎలాగూ ఈ ఈత ఎవరూ కత్తిరించనిది.

ఒక్క వైద్య విషయం దగ్గర మాత్రం నేను పట్టుబట్టాను. లేక్‌లాండ్, జాక్ రస్సెల్, ప్యాటర్‌డేల్ లాంటి చాలా టెర్రియర్లలో కంటి కటకం స్థానం తప్పి జారిపోయే వంశపారంపర్య జబ్బు ఉంది. మూడు నుంచి ఎనిమిదేళ్ల మధ్య, అంటే కుక్క మంచి పనిలో ఉన్నప్పుడు బయటపడి, ఒకట్రెండు రోజుల్లో చూపు పోగొడుతుంది. లోపమున్న జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపులా వస్తేనే సాధారణంగా జబ్బు. ముసలాయన తండ్రికుక్కకి పరీక్ష చేయించలేదు. పిల్ల బుగ్గ లోపలినుంచి దూదిపుల్లతో నమూనా తీసి ల్యాబ్‌కి పంపాం. ఒకవైపు నుంచి మాత్రమే వచ్చింది. ప్రమాదం తక్కువే, సున్నా కాదు. ఏటా కంటి పరీక్ష అన్న షరతు మీద తీసుకున్నాం.

ఇంక శిక్షణ. ఇక్కడి టెర్రియర్ మనుషులతో నాకు పడనిది ఈ విషయంలోనే. పిల్లకి చిన్నప్పుడే ఎలుక రుచి చూపించాలంటారు వాళ్లు. నేను పది నెలల దాకా ఎలుక షెడ్డు గడప తొక్కనివ్వలేదు. ఆరేడు నెలలకి గానీ అసలు పళ్లు పూర్తిగా రావు. సగం పళ్లతో పెద్ద ఎలుకని పట్టి మూతి కొరికించుకున్న పిల్లలు కొన్ని జన్మలో మళ్లీ ఎలుక జోలికి పోవు. అంతకంటే పెద్ద కారణం, ఎలుకల వేటలో కుక్కకి మనిషి అక్కర్లేదు. ఆ మత్తు ముందు ఎక్కితే ఈల ఎప్పటికీ ఎక్కదు. అందుకని మొదటి ఏడు నెలలూ పొడుగు తాడు, ఈల, గొర్రెల మధ్య నడక. గొర్రెల్ని తరిమే కుక్కని ఇక్కడ ఎవరూ క్షమించరు. తుపాకి చప్పుడు అన్నం గిన్నె ముందు ఉన్నప్పుడు, 150 మీటర్ల దూరం నుంచి మొదలుపెట్టి, వారానికి కొంచెం దగ్గరగా. ఒకరోజు ఆయన తొందరపడి 30 మీటర్లకి వచ్చేసి పేల్చారు. నాలుగు రోజులు అది తుపాకి బీరువా ఉన్న గదిలోకి పోలేదు. మళ్లీ మొదటికొచ్చాం.

కాల్చినదాన్ని తెచ్చివ్వడం ఈ కుక్కకి రాలేదు, రాదు కూడా. కుందేల్ని వెతికి పట్టి దాని దగ్గరే నిలబడుతుంది. పావురాన్ని ఒకసారి నోట పెట్టుకుంది. ఆ ఈకలు ఊరికే ఊడి నాలుకకి అంటుకుంటాయి గదా, పది నిమిషాలు ఉమ్ముతూ కూర్చుంది. "వెతికి చూపిస్తే చాలు, నడుము ఇంకా వంగుతోంది" అన్నారాయన.

ఎలుకల పని 2023 సెప్టెంబరులో మొదలుపెట్టాం. మా బృందంలో ఒకాయన పాత రంపం మెషీన్ ఇంజనుకి గొట్టం తగిలించి, దాని పొగని కలుగులోకి పంపుతాడు. పక్క కన్నాల్లోంచి ఎలుకలు బయటికి దూకుతాయి, అక్కడ కుక్కలుంటాయి. దాన్ని మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. వరి పాలు పోసుకునే రోజుల్లో మా ఊరికి యానాదులు వచ్చేవాళ్లు. అడుగున చిల్లు ఉన్న కుండలో గడ్డి రాజేసి, కలుగు మూతికి బోర్లించి, చిల్లులోంచి నోటితో ఊదేవాళ్లు. మిగతా కన్నాలన్నీ ముందే మట్టితో మూసేసేవాళ్లు. కుక్క అవసరమే ఉండేది కాదు, పెట్రోలూ లేదు. బృందంలో వాళ్లకి చెబితే ఆ కుండ ఒకటి తెప్పించమని ఇప్పటికీ అడుగుతుంటారు.

మొదటి సాయంత్రం మా కొత్త కుక్క తికమకపడింది. మూడో సాయంత్రానికి మా జాక్ రస్సెల్ తవ్వుతుంటే అవతలి కన్నం దగ్గర కాపు కాయడం నేర్చుకుంది. నాకు అదే కావలసింది. ప్రతి వేట తర్వాత మూతి, పెదవులు, కనురెప్పలు ఉప్పునీళ్లతో కడిగి చూడటం రైతు భార్య పని. ఎలుక మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్ కుక్కకే కాదు, మనిషికీ ప్రాణాంతకమే. కుక్కకి ఆ టీకా ఏటా పడాలి, మనిషికి చేతి తొడుగులు.

2024 ఫిబ్రవరిలో దెబ్బ తగిలింది. ఆదివారం ఫోన్ చేసి, రెండు రోజులుగా మందకొడిగా ఉంది, దగ్గుతోంది అన్నారు. తీసుకురమ్మన్నాను. చిగుళ్లు సున్నంలా ఉన్నాయి. పరీక్షకి సూది గుచ్చిన చోట నెత్తురు ఎంతకీ ఆగలేదు. నెత్తురు గడ్డకట్టే సమయం పరీక్షలో విపరీతంగా పెరిగింది. నెత్తురు గడ్డకట్టకుండా చేసే ఎలుకల మందే. పక్క పొలం షెడ్డులో మందు పెట్టిన డబ్బా ఒకటి మూత విరిగి ఉందని తర్వాత తెలిసింది. మందు తిన్నదో, మందు తిన్న ఎలుకని తిన్నదో చెప్పలేను. ఈ మందుల కపటం ఏమిటంటే, తిన్న మూడు నాలుగు రోజుల దాకా కుక్క మామూలుగానే ఉంటుంది. ప్లాస్మా ఎక్కించి, రెండు రాత్రులు క్లినిక్‌లో ఉంచి, నాలుగు వారాలు విటమిన్ కె1 ఇచ్చాం. ఆ విటమిన్ ఆపిన 48 గంటలకి మళ్లీ పరీక్ష చేస్తే మామూలుకి వచ్చింది.

ఆ డబ్బా గురించి నేను ముందే అడగాల్సింది. ఇప్పుడు టెర్రియర్ కావాలని వచ్చే ప్రతివారినీ మొదట అడిగేది జాతి గురించి కాదు, చుట్టుపక్కల మూడు పొలాల్లో ఎక్కడెక్కడ మందు పెడతారని. ఆ ఏడాది చివరితో బ్రోమాడయోలోన్, డైఫెనాకూమ్ అనే ఎలుకల మందుల్ని భవనాలకి దూరంగా ఆరుబయట వాడటానికి ఉన్న అనుమతి బ్రిటన్‌లో ముగిసిపోయింది. ఫెజెంట్ డబ్బాల దగ్గర ఎలుకలకి ఇప్పుడు ఎక్కువగా బోనులు, ఎయిర్ రైఫిళ్లు, కుక్కలే గతి. అందుకే ఎలుకలు పట్టే టెర్రియర్ల గురించి అడిగేవాళ్లు నాకు పెరిగారు.

మొన్న అక్టోబరులో బూస్టర్ టీకాకి వచ్చింది. 6.8 కిలోలు, రెండు కళ్లూ శుభ్రం, ఎడమ చెవి అంచు చిరిగి మానిన గుర్తు. వాసన బాగా తగిలితే ఇప్పటికీ 30 మీటర్లు దాటి పోతుందనీ, రెండో ఈలకి గానీ ఆగదనీ ఆయన ఫిర్యాదు. మరో నలుగురు తుపాకీవాళ్లతో కలిసి వెళ్లే రోజు దీన్ని ఇంట్లోనే ఉంచుతారట. అది సరైన పనే అన్నాను. ప్యాటర్‌డేల్ ఏమైందని అడిగాను. ఎలుకల కాంట్రాక్టులు చేసే ఒకతను తీసుకున్నాడనీ, కోళ్ల ఫారాల్లో పని చేస్తోందనీ చెప్పారు. నేను కుట్టిన కుట్ల దగ్గర పెదవి కొంచెం పైకి లాగినట్టుండి, ఎప్పుడూ నవ్వుతున్నట్టు కనిపిస్తుందట.